జాగ్రత్తతో పాస్

మార్చి 4

మామయ్య ప్రకటించేశారు. ఈ నెలలోనే రెండు కుటుంబాలూ రెండు కార్లలో వెళ్ళి సరస్సు ఒడ్డున గుడారాలు వేసుకుని ఉండాలట. పోయినేడాది ఆయన కారు బురదలో దిగబడితే ట్రాక్టరు వాడు వచ్చేదాకా సగం రోజు రోడ్డు వంక చూస్తూ కూర్చున్నారు. అందుకని ఈసారి ప్రతి కారులోనూ ఒక మడత పార ఉండి తీరాలి. గుడారం చుట్టూ వాననీళ్ళు పోవడానికి చిన్న కాలవ తీయాలన్నా, చక్రం కింద మట్టి లాగాలన్నా అదే దిక్కు. "పార సంగతి పెద్దల్లుడు చూసుకుంటాడు. బందులూ బిగింపులూ వాడి పనేగా" అన్నారు.

పనే మరి. ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీ పరీక్షగదిలో కూర్చుని తలుపుల మడతబందుల్ని విరిగేదాకా తెరిచి మూస్తున్నాను. ఆ మాట మామయ్య నోట రావడం బాగానే ఉంది. అంతలో తోడల్లుడు అందుకున్నాడు. పళ్ళ డాక్టరు కదా, ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించి తెరిపించి తన నోరు మూయడం మరిచిపోయాడు. "గొయ్యి తవ్వే పారకి కూడా పరీక్షలా అన్నయ్యా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు" అన్నాడు. మామయ్య నవ్వారు, మరదలు నవ్వింది, మా ఆవిడ పెదవి బిగబట్టి నవ్వింది. మా పిచ్చుక కూడా నవ్వింది. ఎనిమిదేళ్ళ కూతురు, దానికేం తెలుసు.

ఆ ఊపులో అతను పన్ను కథ మళ్ళీ ఎత్తాడు. నాకు పన్ను పీకుతున్నంతసేపూ నేను నర్సు చెయ్యి పట్టుకుని వదల్లేదట, ఆ అమ్మాయికి వేళ్ళు తిమ్మిరెక్కాయట. ఎన్నిసార్లు విన్నా మామయ్యకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేంత నవ్వొస్తుంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే తడిగుడ్డతో గొంతు కోసే రకం అతను.

మార్చి 6

ఫ్యాక్టరీ నుంచి నేరుగా గుడారాలూ తాళ్ళూ అమ్మే కొట్టుకి వెళ్ళాను. మడత పారలు నాలుగు రకాలున్నాయి.

మూడు మడతలది ఒకటి. అరచేతిలో పట్టేంత అవుతుంది, బరువే లేదు. బొటనవేలితో నొక్కితే రేకు వంగింది. ఇంకోదాని పిడి మరలు విప్పితే లోపల కత్తి, ఈల, దిక్సూచి, నిప్పు రాజేసే పుల్ల, ఇంకా ఏవేవో. అందులో పార ఒక్కటే లేదు. ఎన్ని అతుకులుంటే అన్ని లోపాలు, ఈ మాట కొనేవాడికి ఎవరూ చెప్పరు. మూడోది నల్లది, రెండు మడతలు, మందం ఉక్కు, పిడి చివర ముక్కోణం పట్టు. మడత దగ్గర లావు రింగు, దానికి తోడు అడ్డంగా పిన్ను. బరువుంది కానీ కారులో మోసేది మనం కాదుగా. నాలుగోది నీలంది. చూడ్డానికి నల్లదాని చిన్న తమ్ముడిలా ఉంటుంది, అందమైన సంచి కూడా ఇస్తారు. రింగు ఉంది, పిన్ను లేదు.

పనికిరానివి తిరిగిచ్చే షరతు మీద నాలుగూ తీసుకున్నాను. "ఒక్క గొయ్యికి ఇన్ని పారలా సార్" అన్నాడు కొట్టువాడు. ఇతనికీ పళ్ళ డాక్టరుకీ ఏదో చుట్టరికం ఉండి ఉంటుంది.

మార్చి 9

సెలవు. పెరట్లో పరీక్షలు పెట్టాను. రాళ్ళ నేల, మెత్తటి నేల, నీళ్ళు పోసి కలిపిన బురద. మూడు మడతలది రాళ్ళ దగ్గరే చేతులెత్తేసింది. ఈల ఉన్నది అతుకు దగ్గర కిర్రుమంది. మిగిలినవి నల్లదీ, నీలందీ.

అసలు పరీక్ష కారు కింద. నిలబడి తవ్వితే ఏ పారైనా పారే. చక్రం కింద మట్టి తీయాలంటే బోర్లా పడుకోవాలి. అక్కడ పిడి చివర పట్టుకునే జాగా ఉండదు, చెయ్యి జరిగి జరిగి సరిగ్గా మడత దగ్గరికే వస్తుంది. మా ఆవిడ టార్చి పట్టుకుంది. నా వేలు పెట్టి చూసేంత పిచ్చి నాకు లేదు గనక, వేలుండే చోట ఒక క్యారెట్టుని రబ్బరు బ్యాండుతో కట్టాను.

నల్లదానితో చెయ్యి నొప్పెట్టేదాకా బురద లాగాను. రింగూ కదల్లేదు, పిన్నూ కదల్లేదు. నీలందీ కాసేపు బుద్ధిగానే ఉంది. అయితే మట్టిని ఎడమవైపుకి మెలితిప్పి లేపినప్పుడల్లా రింగు వెంట్రుకవాసి వదులవుతోంది. ఆగి ఆగి బిగిస్తూ ఉంటే ఫరవాలేదు. ఆగకుండా లాగాను. రేకు ఒక్కసారిగా పిడి మీదికి మడుచుకుంది. క్యారెట్టు రెండు ముక్కలు.

మా ఆవిడ టార్చి వదిలేసింది. "రేపే తిరిగిచ్చెయ్యండి దీన్ని" అంది. సరే అన్నాను. ముక్కలు కడిగి సూపులో వేసింది.

మార్చి 11

మూడు మడతలదీ, ఈల ఉన్నదీ తిరిగిచ్చేశాను. నల్లది మా కారుకి. అలాంటిది కొట్లో ఇంకొకటి లేదు, తెప్పించి ఫోన్ చేస్తానన్నాడు. అందాకా నీలంది నా దగ్గరే ఉంచాను.

మా పరీక్షగదిలో మూడు అరలుంటాయి. పై అర పాస్, కింది అర ఫెయిల్. నడిమి అర మీద 'జాగ్రత్తతో పాస్' అని రాసి ఉంటుంది. సరిగ్గా వాడితే నిలబడేవి, వాడకపోతే దెబ్బతినేవి అందులో పెడతాం. ఎలా వాడాలో ఒక కాగితం తగిలించి పంపిస్తాం. చిన్న చిన్న బీరువాల తలుపులకి పోతాయవి. మనిషి తల మీదో చేతి మీదో పడేవాటిని ఆ అరలో పెట్టకూడదని రూలు. పార ఎవరి తల మీదా పడదు.

నీలంది నడిమి అర సరుకు.

మార్చి 14

కొట్టువాడు ఫోన్ చేశాడు. రెండో నల్లది వచ్చిందట. వర్షం. వెళ్ళలేదు.

మార్చి 15

వర్షం లేదు. వెళ్ళలేదు.

మార్చి 17

మామయ్య ఇంట్లో అందరం కలిశాం. తోడల్లుడి కారు దగ్గరికి వెళ్ళి నీలందాన్ని ఇచ్చాను. సంచి చూసి మురిసిపోయాడు. "భలే ముద్దుగా ఉందన్నయ్యా, పాపం ఎంత శ్రమపడ్డారు నా కోసం" అన్నాడు. వెటకారమో నిజమో అతని గొంతులో ఎప్పుడూ తెలియదు. రింగు గట్టిగా బిగించుకో అన్నాను. మధ్య మధ్యలో ఆపి మళ్ళీ బిగించాలని చెప్పలేదు. అతను అడగలేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు, అడగనివాడికి చెబితే ఇంకెంత లోకువో.

ఇంటికొచ్చే దారిలో మా ఆవిడ అడిగింది, చెల్లెలి వాళ్ళకి ఏ పార ఇచ్చారని. రెండో నల్లది వచ్చిందిగా అన్నాను. అబద్ధం కాదు. వచ్చింది.

మార్చి 22

సరస్సు ఒడ్డు. గుడారాలు వేశాం. చుట్టూ కాలవ మామయ్యే నా నల్లదానితో తీశారు, "పారంటే ఇదీ" అని మెచ్చుకుంటూ. నేలంతా గులకరాళ్ళు. నా నడుము నొప్పి సంగతి ఎవరు చెప్పారో, పళ్ళ డాక్టరు తన పరుపు తెచ్చి నా పక్కలో వేసి, తను ఒట్టి దుప్పటి మీద పడుకుంటానన్నాడు. వద్దన్నా వినలేదు. నిజం చెప్పాలంటే మనసు కొంచెం చివుక్కుమంది. రేపు పొద్దున్నే పక్కకి పిలిచి రింగు సంగతి చెప్పేద్దామనుకున్నాను.

సాయంత్రం మంట వేసుకుని కూర్చున్నాం. పక్క గుడారం వాళ్ళు కూడా వచ్చి చేరారు. కొత్త ముఖాలు కనిపించాయి కదా, నర్సు చెయ్యి కథ మొదలుపెట్టాడు. ఈసారి నా ఏడుపు కూడా కలిపాడు. నేను ఏడవలేదు.

రేపటి సంగతి రేపు చూద్దాం.

మార్చి 24

మొత్తం రాయాలి.

తిరుగు ప్రయాణం. రాత్రి వాన పడింది. పొద్దున సామాను రెండు కార్లలోకీ ఎక్కించాం. అతను కారు వెనక్కి తీస్తుంటే వెనక చక్రం దిగబడింది. మా ఆవిడా మరదలూ దూరంగా గుడారాలు మడుస్తున్నారు, పిచ్చుక వాళ్ళ దగ్గరే ఉంది. "నీ పార తియ్యవోయ్, అది గట్టిది" అన్నారు మామయ్య. నాది సామాను అడుగున ఉంది, అంతా దించాలి, తమ్ముడిది పైనే ఉందిగా అన్నాను. అడుగునే ఉంది. పెట్టింది నేనే.

అతను ప్లాస్టిక్ పట్టా పరుచుకుని కారు కిందికి దూరాడు. రింగు బిగించి, తల తిప్పి "ఇంతేనా అన్నయ్యా" అన్నాడు. ఇంతే అన్నాను. గట్టిగానే బిగించాడు, నాకన్నా గట్టిగా. మామయ్య చక్రానికి అడ్డం పెట్టడానికి రాళ్ళు ఏరుకొస్తానని వెళ్ళారు. నేను గొంతుక్కూర్చుని చూస్తున్నాను. అతను మట్టిని ఎడమవైపుకి లేపుతున్నాడు. అనుకున్నట్టే చెయ్యి మడత దగ్గరికి జరిగింది. రింగు వదులవడం నాకు కనిపిస్తూనే ఉంది. మా గదిలో పరీక్ష నడుస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడరు. అలవాటు. చెప్పబోయాను. నోరు కూడా తెరిచాను.

ఆ అరుపు విని పక్షులు లేచిపోయాయి.

మామయ్య నా కారు నడిపారు. వెనక సీట్లో అతనూ నేనూ. కుడి చెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది, ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు, ఆసుపత్రి దాకా వదల్లేదు. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇప్పుడు ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారు అనుకున్నాను. నవ్వు రాలేదు. కొంచెం వచ్చింది.

మార్చి 25

కుడి చూపుడు వేలు. నడిమి కణుపు నలిగిపోయింది, వేలిని వంచే నరం తెగింది. కుట్టారు. మునుపటిలా వంగుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నారు. పళ్ళు బాగుచేసే మనిషికి అదే వేలు అన్నం పెట్టేది. మరదలు గోడకి ఆనుకుని జారి అక్కడే కూలబడింది.

మా ఆవిడ అతని కారు తీసుకుని మరదల్నీ పిల్లనీ ఎక్కించుకుని వెనకాలే వచ్చింది. పక్క గుడారం వాళ్ళు నెట్టి పైకి లేపారట. వస్తూ వస్తూ పార కూడా తెచ్చింది. బురదతో సహా తెచ్చి వరండాలో బెంచీ మీద పెట్టింది. నీలంది. దాని వైపు చూసింది, నా వైపు చూడలేదు.

మామయ్య పారని నా చేతికిచ్చారు. "నువ్వు తెలిసినవాడివి. తప్పు వస్తువుదా, మనిషిదా? నాకు తెలియాలి" అన్నారు. అందరూ నా వంక చూస్తున్నారు. ఆ ఇంటివాళ్ళు ఇంతమంది నా మాట కోసం ఒకేసారి ఎదురుచూడటం నాకు గుర్తులేదు. రింగు తిప్పి చూశాను, మడత తెరిచి మూశాను, మా గదిలో ఎంతసేపు చూస్తానో అంతసేపూ చూశాను.

"వస్తువు మంచిదే మామయ్యా. రింగు సరిగ్గా బిగించలేదు."

మరదలు ఏడుపు ఆపి, ఈయనకి దేంట్లోనూ నిలకడ లేదు, అంతా హడావిడే అంది. మామయ్య నిట్టూర్చి తల పంకించారు.

మా ఆవిడ టీ తెస్తానని లేచింది. నేనూ వెంట వెళ్ళాను. టీ మిషను దగ్గర కప్పు పెట్టి, మీట నొక్కింది.

"క్యారెట్టుతో చూశారుగా" అంది.

కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

మార్చి 26

చెప్పాను. మధ్య మధ్యలో ఆపి బిగించుకోమని ఇచ్చేటప్పుడే చెప్పాను.

మార్చి 29

రింగు సరిగ్గా బిగించకపోతే ఏ పారైనా మడుచుకుంటుంది. ఇది పరీక్షగదిలో మొదటి రోజు నేర్పే సంగతి.

ఏప్రిల్ 3

తోడల్లుణ్ణి చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాం. మరదలు అతని ముందే, బావ అంత చెప్పి ఇచ్చినా వినిపించుకోలేదని చెప్పుకొచ్చింది. ఆసుపత్రిలో నేనే అన్నాను ఆమెతో, రెండుసార్లు చెప్పానని. అతను దిండుకి ఆనుకుని విన్నాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది.

"చెప్పే ఉంటారు అన్నయ్యా. మందుల మత్తో ఏమో, నాకే గుర్తు రావట్లేదు. మిమ్మల్ని నవ్వులపాలు చేసినందుకు దేవుడు చూపించాడు" అన్నాడు.

అలా అనుకోకు తమ్ముడూ అన్నాను. అనుకోకు అన్నాను గానీ, కాదు అనలేదు.

ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళాక సొరుగులోంచి పళ్ళు చూసే చిన్న అద్దం తీశాడు. ఒకసారి నోరు తెరవండి అన్నయ్యా, పట్టుకోగలనేమో చూస్తా అన్నాడు. కిటికీ వైపు తిరిగి నోరు తెరిచాను. చూపుడు వేలు కట్టులో కర్రపుల్లలా నిటారుగా ఉంది, బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ అద్దం ఇరికించుకుని లోపలికి పెట్టాడు. అది నా పళ్ళకి టకటకా కొట్టుకుంది. నాలుక మీద పడింది. మళ్ళీ తీసి పెట్టాడు, మళ్ళీ పడింది. అతని ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. నుదుట చెమట.

"బాగానే పట్టుకున్నావే" అన్నాను.

అతను అద్దం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, గుక్క పట్టి. నేను కిటికీలోంచి వీధి చూశాను. పక్కింటాయన కారు కడుక్కుంటున్నాడు.

ఏప్రిల్ 8

క్లినిక్ వేరే డాక్టరుకి అప్పజెప్పేశారు. తోడల్లుడు ఇంట్లోనే. మాటలు తగ్గిపోయాయట. కథలు చెప్పడం మానేశాడని మామయ్య బాధపడ్డారు.

పని మీద ఎక్కడికో వెళ్ళాలంటే మామయ్య ఈసారి నన్ను తోడు రమ్మన్నారు. ముందు సీట్లో నేను. గీజరు కొనాలి నువ్వే చూసిపెట్టు, మెట్లకి కడ్డీ వేయించాలి నువ్వే చూసిపెట్టు అన్నారు. "నీ మాట వింటే వాడికి ఈ గతి పట్టేది కాదు" అన్నారు. కోరుకున్నదేగా ఇది. ఇంటికొచ్చి అన్నం సయించక లేచిపోయాను. ఎండకి తిరిగాను కదా, అందుకే.

ఏప్రిల్ 11

మా ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పదు కూడా. చెబితే చెల్లెలి సంసారం, తండ్రి మనసు, మా ఇల్లు, మూడూ ఒకేసారి పోతాయి. అది నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు. రోజూలాగే వండుతోంది, బట్టలు మడతపెడుతోంది, అడిగినదానికి జవాబిస్తోంది. ఒక్కటే కొత్తగా మొదలైంది.

ఇస్త్రీపెట్టె వైరు బాగుచేసి ఇచ్చాను. అందుకోలేదు. "ముందు మీరు" అంది. సరే, చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి చూపించాను. నిచ్చెన తెచ్చి వేశాను, అటక మీది పెట్టె తీసుకుంటానంటే. "ముందు మీరు." ఎక్కి దిగాను. సాయంత్రం నేనే టీ పెట్టి తెచ్చి చేతికిచ్చాను. కప్పు వంక చూసి, మెల్లగా నా వైపే జరిపింది.

కోపం వచ్చింది. నన్నేమనుకుంటున్నావు అని అరిచాను. ఏమీ అనుకోవట్లేదండీ అంది, నిజంగానే ఏమీ అనుకోనట్టు. చివరికి ఒక గుటక తాగి ఇచ్చాను. అప్పుడు తీసుకుంది.

ఏప్రిల్ 13

నాలుగు రోజుల్లో అదే మానుకుంటుంది.

ఏప్రిల్ 19

పిచ్చుక ఎన్నాళ్ళనుంచో ఊయల అడుగుతోంది. ఈ వారమంతా దాని పనే. కొక్కేలు కొట్లో కొనలేదు, ఫ్యాక్టరీలో పై అర నుంచి అడిగి తెచ్చుకున్నాను. గొలుసు ఒక్కో లంకె వేలితో తడిమి చూశాను. పలకకి నాలుగు మూలలా నట్లు వేసి, ఊడకుండా పిన్నులు కూడా దూర్చాను. వసారాలో దూలానికి బిగించి, సిమెంటు బస్తా కూర్చోబెట్టి పొద్దున్నుంచీ ఊపాను. నా జీవితంలో ఇంత శ్రద్ధగా ఏ వస్తువునీ పరీక్షించలేదు. దీన్ని ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

బస్తా దించి పిల్లని పిలిచాను. పరుగెత్తుకొచ్చింది, ఊయల చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రా, కూర్చో, నేను ఊపుతా అని పలక పట్టుకుని నిలబడ్డాను. దగ్గరికి రాబోయి ఆగిపోయింది. ఆ కళ్ళల్లో భయం లేదు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలని గుర్తొచ్చినప్పుడు ఎలా ఆగుతుందో అలా ఆగింది.

"ముందు నువ్వు, నాన్నా."

ఎవరు చెప్పారే అన్నాను. అమ్మ చెప్పింది అంది. నాన్న ఏదిచ్చినా ముందు నాన్నే వాడాలట, మనింట్లో అంతేనట. వాళ్ళ క్లాసులో ఏ నాన్నా ఇలా చెయ్యడనీ, వాళ్ళ నాన్నే చేస్తాడనీ బళ్ళో చెప్పుకుందట కూడా, గొప్పగా.

తలుపు దగ్గర మా ఆవిడ బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

కూర్చున్నాను. కాళ్ళు నేలకి తగులుతున్నాయి, ముడుచుకున్నాను. ఊగాను. పిల్ల మెట్టు మీద నిలబడి గొలుసు వంకా, కొక్కేల వంకా, నా వంకా చూసింది. నేను మా గదిలో చూసినట్టే చూసింది, మాట్లాడకుండా. ఊయల ఆగాక పలక మీదనుంచి లేచి, ఇప్పుడు రా అన్నాను.

మెట్టు దిగలేదు.

"ఇంకోసారి" అంది.

మళ్ళీ కూర్చున్నాను.